కనియంబాడి ఇంట్లో శుభలేఖల పెట్టె

పోయిన ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని క్వీన్స్‌లాండ్‌కి తీసుకుపోయాం. బెంగుళూరు హైవే మీద, మదరాసు ఇంకా రాకముందే ఉంటుంది కాబట్టి వేలూరు పక్కవాళ్ళకి ఆ పార్కు సులువు. పదకొండుమందిమి, రెండు కార్లు. తెల్లారుజామున లేచి చింతపండన్నం కలిపి, ఉర్లగడ్డ వేపుడు చేసి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి డబ్బాలకి ఎత్తుకున్నాం. లోపలికి పోయేముందే చెట్టుకింద సగం డబ్బాలు ఖాళీ అయిపోయినాయి.

మధ్యాహ్నం ఒక పెద్ద రాట్నం దగ్గర వరసలో నిలబడి ఉన్నాం. మా అవ్వ కమ్మీల అవతల నుంచి "రేయ్, తలకాయ తిరిగితే చెప్పాల, మూతి బిగించుకోని కూచోవద్దు" అని ఒక్క కేక వేసింది. మా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, మర్యాదగానే, తమిళంలో అడిగినాడు: "మీరు ఆంధ్రావా? ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?" మా ఎనిమిదేళ్ళ పిల్లోడు తడుముకోకుండా "కనియంబాడి. పొద్దున వచ్చాం" అన్నాడు.

ఆయన నవ్వినాడు, మేమూ నవ్వాం. కానీ తిరుగు దారిలో కారులో ఇదే మాట. ఎప్పుడు వచ్చాం మనం? ఎక్కడనుంచి? ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. వాలాజా దాటేసరికి ఒకటి మాత్రం తేలింది, ఎవరికీ సరిగ్గా తెలీదని.

ఆ మాట అంతటితో పోయేదే. తై నెలలో మా ఇంటి పిల్ల పెళ్ళి కుదరడంతో మళ్ళీ లేచింది. శుభలేఖ ఏ భాషలో వేయించాల? తమిళం, ఇంగ్లీషు ఎట్లాగూ ఉంటాయి. తెలుగు పక్క కూడా వేయించాలని ఒక పార్టీ, చదివేదెవరని ఇంకో పార్టీ. పాత పెళ్ళిళ్ళకి ఎట్లా వేయించారో చూద్దామని అటక మీద నుంచి ఇనపపెట్టె దించాం. మా తాత అలవాటు ఒకటి, ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళికీ ఒక కార్డు పసుపు గుడ్డలో చుట్టి అందులో వేసేవాడు. ఆయన తర్వాత అవ్వ వేస్తూ వచ్చింది. ఈ వ్యాసానికి మా దగ్గర ఉన్న దస్తావేజులు అవే. రాగి రేకులు, శాసనాలు మా ఇంట్లో లేవు.

అన్నిటికంటే పాతది 1949 నాటిది. గులాబీరంగు కాగితం, మొత్తం తెలుగే. చిరునామా "కనియంబాడి గ్రామం, వేలూరు తాలూకా, ఉత్తర ఆర్కాటు జిల్లా". పెళ్ళికూతురిది పలమనేరు. రెండు ఊర్లూ అప్పటికి మదరాసు రాష్ట్రమే. ఆ పెళ్ళిలో ఎవరూ రాష్ట్రం దాటి రాలేదు.

మా తాత చెప్పే కథ వేరేది. వేలూరు కోట తెలుగు రాయలది, యాచమనాయుడి దండుతో మనవాళ్ళు వచ్చారు అనేవాడు. కోట సంగతి వరకు నిజమే. పదహారో శతాబ్దంలో విజయనగరం కింద బొమ్మినాయకుల కాలంలో లేచిన కోట అది. అరవీటి వంశపు వెంకటపతిరాయలు చివరి రోజుల్లో వేలూరే రాజధాని. ఆయన 1614లో చనిపోయాక వారసత్వం కోసం కోటలోనే రాజకుటుంబాన్ని నరికేశారు. వెలుగోటి యాచమనాయుడు ఒక పిల్లవాణ్ణి ఎట్లాగో బయటికి తప్పించి, అతని పక్షాన తోపూరు దాకా యుద్ధం చేసినాడు. ఇదంతా గొప్ప కథ. కానీ ఆ దండులో మా ముత్తాతల ముత్తాత ఉన్నాడనడానికి ఒక్క ఆధారం కూడా మాకు కనబళ్ళేదు. తమిళనాడులో తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ ఒక సేనాపతి ఉంటాడు. దుక్కి దున్నుకుంటూ, మేకలు తోలుకుంటూ, కరువుకో పెళ్ళికో ఒక్కో ఊరూ దాటుకుంటూ వచ్చినవాళ్ళ కథ ఎవరూ చెప్పుకోరు. మాది రెండోదే అయ్యుంటుందని మా అనుమానం. తాత ఉంటే ఈ మాట రాయనిచ్చేవాడు కాదు.

అసలు వచ్చాం అన్న మాటే పూర్తిగా సరైంది కాదేమో. 1911 వరకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, కాళహస్తి, పుంగనూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ జిల్లాకి ముఖ్య పట్టణం వేలూరు కాదు, చిత్తూరు. అంటే కనియంబాడి రైతు కలెక్టరు కచేరీకి పోవాలంటే చిత్తూరు దారి పట్టాల. 1911 ఏప్రిల్ 1న తెలుగు ఎక్కువున్న తాలూకాలు విడదీసి, కడప జిల్లానుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. వేలూరు ఇటుపక్క మిగిలింది. అప్పటికి అది జిల్లా గీతే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు అదే గీత రాష్ట్ర సరిహద్దైంది. 1960 ఏప్రిల్ 1న మళ్ళీ సర్దుబాటు, తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది.

తిరుత్తణి అంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు. 1888లో ఆయన పుట్టినప్పుడు అది ఉత్తర ఆర్కాటు. తర్వాత చిత్తూరు జిల్లా, ఆపైన ఆంధ్ర, ఆపైన మదరాసు. చివరి రెండు మార్పులూ ఆయన ఉపరాష్ట్రపతిగా ఢిల్లీలో ఉండగానే జరిగినాయి. తెలుగు ఇంట్లో పుట్టి, తిరుపతిలో చదివి, వేలూరు ఊరీస్ కాలేజీలో చదివి, మదరాసుకి పోయిన మనిషి. ఆయన్ని 'ఎప్పుడు వచ్చారు' అని ఎవరూ అడిగి ఉండరు.

గీత తప్పని మేం అనడంలేదు. ఎక్కడో ఒకచోట గీయాల. ఎక్కడ గీసినా అటు కొందరు, ఇటు కొందరు మిగులుతారు. చిత్తూరు అంగళ్ళలో ఈరోజుకీ అరవం మాట్లాడుకునే ఇళ్ళున్నాయి, వాళ్ళు అద్దంలో మాకు ఎదురుగా ఉన్న చుట్టాలు.

గీత పడినా సంబంధాలు ఆగలేదు. పెట్టెలో 1949 నుంచి 1974 వరకు ఉన్న కార్డుల్లో సగానికి పైగా చిత్తూరు, పలమనేరు, బంగారుపాళెం వాళ్ళతోనే. విళుప్పురం నుంచి వచ్చే మీటరుగేజి రైలు కనియంబాడిలో ఆగి, వేలూరు, కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా పైకి పోయేది. గుడియాత్తంలో మా పెద్దత్త ఇల్లు. ఆడనుంచి ఘాటు ఎక్కితే పలమనేరు. గుడియాత్తం ఊరి మధ్యలో పారే కౌండిన్యా నది కూడా పలమనేరు పక్కనుంచే దిగి వస్తుంది. మా అవ్వ పుట్టింటినుంచి ఏటిని వెంటబెట్టుకొని వచ్చిందని పెద్దత్త ఎగతాళి చేసేది.

ఊర్లు తిరగడం అనేది మా ఇంట్లో క్వీన్స్‌లాండ్‌తో మొదలు కాలేదు. మొదలు గుడియాత్తం గంగమ్మ సిరసు జాతర. వైకాశి మొదటిరోజు, మే నెల నడుమ వస్తుంది. తల్లి రేణుక తలను పరశురాముడు తండ్రి మాట మీద నరికిన కథే దానికి మూలం. తరణంపేట ముత్యాలమ్మ గుడినుంచి అమ్మవారి తల ఊరేగింపుగా బయల్దేరి, వీధులన్నీ తిరిగి, ఏటి గట్టున గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది. అక్కడ మొండేనికి అతికిస్తారు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన జనం ఒక్కసారి గొంతు విప్పుతారు. దగ్గర దగ్గర అవే రోజుల్లో తిరుపతిలోనూ గంగమ్మ జాతర. ఒక మేనత్త అక్కడికీ, ఒక మేనత్త ఇక్కడికీ పిలిచేవాళ్ళు, పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఏటి ఇసకలో రంగులరాట్నం, బొమ్మల అంగళ్ళు, కారం బొరుగులు, గాజులు, చెరకురసం. టికెట్టు లేని థీమ్ పార్కు అనుకోండి. మా నాయన ఆ రాట్నం ఎక్కి దిగినాక వాంతి చేసుకున్న సంగతి యాభై ఏళ్ళయినా ఏ జాతరలోనూ ఎవరూ మర్చిపోనివ్వరు.

తర్వాత అమిర్ది వచ్చింది. జవ్వాది కొండల అంచున అడవిలో 1967లో పెట్టిన చిన్న జంతువుల పార్కు, పైన జలపాతం. వేలూరు నుంచి అక్కడికి పోయేవాళ్ళు మా ఊరి మీదుగానే పోవాల. అందుకే ఆదివారమైతే మా ఇంట్లో ఉప్మా గిన్నె దిగేది కాదు, వేలూరు చుట్టాలంతా దారిలో దిగేవాళ్ళు. 1986లో కావలూరు పెద్ద దూరదర్శినికి వైను బప్పు పేరు పెట్టినాక ఒకసారి మా పెద్దనాయన స్కూలు పిల్లలతో పాటు మమ్మల్నీ తీసుకుపోయినాడు. 2.3 మీటర్ల అద్దం. బప్పు వాళ్ళ నాయన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసినాడని, బప్పు పెరిగింది అక్కడేనని పెద్దనాయన చెప్తే మా అవ్వ వెంటనే "అయితే తెలుగు వచ్చుంటుంది" అనింది. ఆమెకి మనుషుల్ని కొలిచే గజంబద్ద అదొకటే.

ఇప్పుడు వంటింట్లోకి వస్తాం. మా తెలుగు ఇంకా బతికుందంటే కారణం అదే. ఇస్కూలు కాదు, పుస్తకం కాదు.

రాత్రి పూట సంగటి. నూకలు మెత్తగా ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి, కెలక్కుండా మూతబెట్టి, ఆవిరికి పిండి మగ్గినాక కట్టెతో గెలకాల. ముందే గెలికితే ఉండలు కడుతుంది. అవ్వ గిన్నెను రెండు కాళ్ళ మధ్య పట్టి గెలికేది, మేం కుక్కర్ని పట్టకారుతో పట్టుకొని గెలుకుతాం. పక్కింటి తమిళం వాళ్ళు దీన్నే 'కళి' అంటారు, గిన్నె అదే, కట్టె అదే. సంగటికి చెనక్కాయల ఊరిబిండి, లేకపోతే చింతాకు పప్పు, ఆదివారమైతే నాటుకోడి పులుసు. వాళ్ళు రసం అంటే మేం చారు అంటాం. రెండూ ఒకటే అని మేమంటే అవ్వ ఒప్పుకోదు. ఆమె చారులో బేళ్ళ కట్టు ఉండాల, మిరియాలు తక్కువగా పడాల.

వంకాయ దగ్గర మాత్రం వేలూరు మట్టికి దండం పెట్టాల. ఇలవంబాడి ముళ్ళ వంకాయ అని మా పక్క ఒక రకం ఉంది. తొడిమ మీద, కొమ్మ మీద, ఆకు మీద కూడా ముళ్ళే. కోసేవాళ్ళ వేళ్ళు చూస్తే జాలేస్తుంది. లోపల మాత్రం వెన్న. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆంబూరు బిరియానీ పక్కన పెట్టే పుల్లటి వంకాయకూరకి బాగా కుదిరేది ఇదే. మా ఇంట్లో దీన్ని తొడిమ తియ్యకుండా నాలుగు పక్షాలుగా చీల్చి, వేయించిన చెనగ్గింజలు, నువ్వులు, ధనియాలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ నూరి, చింతపండు గుజ్జుతో కలిపి కూరి, నూనెలో సన్నసెగ మీద మగ్గిస్తాం. గుత్తివంకాయ మీరంతా చేస్తారు. కానీ ముళ్ళ వంకాయతో చేసింది తిన్నాక పలమనేరు చుట్టాలు సంచి పట్టుకొని వస్తారు, అదీ మా గొప్ప.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ. ఈ మూడు గడ్డలతోనే మా తెలుగు ఏ ఊరిదో పట్టేస్తారు. మా పిల్ల ఒకతె ఉద్యోగానికి హైదరాబాదు పోయిన కొత్తలో, ఒక అంగట్లో "ఎర్రగడ్డ కావాల" అనింది. అతను చాలా దయగా ఏ బస్సు ఎక్కాలో చెప్పినాడు. ఎర్రగడ్డ అక్కడ ఒక పేట, పైగా పిచ్చాసుపత్రికి పేరుపడిన పేట. దానికి అర్థమయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడది అక్కడ ఉల్లిపాయ అంటుంది, ఇంటికి ఫోన్ చేస్తే ఎర్రగడ్డ అంటుంది.

మళ్ళీ పెట్టె దగ్గరికి. కార్డుల్లో పేర్ల వెనక తగిలించిన అక్షరాలు చూస్తే ఇంటి ఉద్యోగాల చరిత్ర చదివినట్టే. 1949లో పేరు వెనక ఏమీ లేదు, సేద్యగాడికి ఏముంటుంది. 1962లో మా పెద్దనాయన పేరు పక్కన 'యస్.యస్.యల్.సి., ట్రైనింగ్ టీచరు' అని అచ్చేయించారు, పేరుకంటే అది లావుగా ఉంది. కామరాజు ముఖ్యమంత్రి అయింది 1954లో, అసెంబ్లీకి గెలిచింది గుడియాత్తం ఉప ఎన్నికలో. ఆయన హయాంలో ఊరూరా ఇస్కూళ్ళు లేచినాయి, మధ్యాహ్నం అన్నం మొదలైంది, అయ్యవార్లు కావలసి వచ్చారు. దున్నే ఇంట్లోనుంచి జీతం తెచ్చే మొదటి మనిషి అట్లా బయల్దేరినాడు. పెద్దనాయన అయిదో తరగతి దాకా తెలుగులో, ఆపైన తమిళంలో చదివినాడు. జీవితమంతా తమిళంలో లెక్కలు చెప్పినాడు. నోట్లో మాత్రం ఎక్కాలు తెలుగులోనే తిరిగేవి.

1978 కార్డులో మా చిన్నత్త పేరు వెనక 'నర్సు'. ఆడపిల్ల పేరు వెనక ఒక చదువు రావడం మా ఇంట్లో అదే మొదలు. వేలూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యమే సీఎంసీ అయింది. 1918లో ఆడవాళ్ళకి వైద్యవిద్య మొదలుపెట్టారు, మగవాళ్ళని చేర్చుకుంది 1947లో. గుడియాత్తం దారి పొడుగునా చెట్లకింద బండి ఆపి మందులిచ్చిన కథ పెద్దత్త వాళ్ళ అత్త చెప్పేది. మా కనియంబాడి యూనియన్ ఊర్లన్నీ సీఎంసీ సామాజిక వైద్యం వాళ్ళ లెక్కల పుస్తకాల్లో ఉన్నాయి, నర్సులు ఇంటింటికీ వచ్చి కాన్పులు, టీకాలు రాసుకుపోయేవాళ్ళు. వాళ్ళని చూసే చిన్నత్తకి ఆ తెల్లచీర మీద ఆశ పుట్టింది. ఆమెకి తెలుగు నిజంగా అక్కరకొచ్చింది ఉద్యోగంలోనే. చిత్తూరు, మదనపల్లె, కడప నుంచి దిగే రోగులకి డాక్టరు మాట అర్థం కాక చేతులు పిసుక్కుంటుంటే ఈమెని పిలిచేవాళ్ళు. "కడుపులో మంటా, నొప్పా, గుంజుతా ఉండాదా" అని ఆమె అడిగితే, ఆ మూడింటికీ తేడా తెలిసిన మనిషి దొరికిందని వాళ్ళ మొహం తేటపడేదంట.

1991 కార్డు తమిళం ఒకపక్క, తెలుగు ఒకపక్క. జిల్లా పేరు వడ ఆర్కాడు అంబేద్కర్, 1989లో తిరువణ్ణామలై విడిపోయినప్పుడు వచ్చిన పేరు. చిన్నాయన పేరు వెనక రాణిపేట భెల్. 2009 కార్డులో జిల్లా పేరు వేలూరు, భాషలు తమిళం, ఇంగ్లీషు. పెళ్ళికొడుకు వీఐటీ ఇంజినీరు. తెలుగు పక్క మాయమైంది. ఎవరూ తీసెయ్యమని చెప్పలేదట. వేలూరులో తెలుగు అచ్చు వేసే ప్రెస్సు మూతపడింది, ఇంకోటి వెతకడానికి తీరిక లేకపోయింది, అంతే.

ఇంకో వింత. 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన వీఐటీ పెద్దదయ్యాక, రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు వేలల్లో వచ్చి చేరారు. కాట్పాడి రోడ్డు మీద ఇప్పుడు ఎక్కడ చూసినా తెలుగే, ఆంధ్రా మెస్సులే. ఆ పిల్లలు మాతో మాట్లాడినాక మెచ్చుకుంటారు, "మీరు తమిళ్స్ అయినా తెలుగు బాగా మాట్లాడుతున్నారే" అని. రాట్నం దగ్గర మేం ఆంధ్రా, మెస్సు దగ్గర మేం తమిళులం.

చదవడం సంగతి వేరే. 2006 చట్టంతో తమిళనాడు ఇస్కూళ్ళల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది, ఏటా ఒక్కో తరగతి పైకి జరుగుతూ పోయింది. ఈ గడ్డమీద ఉన్నవాళ్ళు తమిళం నేర్చుకోవాల్సిందే, మా పిల్లలకి అది కష్టమూ కాదు. తమిళంలో మా ఎనిమిదేళ్ళవాడు వీధిలో అందరికంటే బాగా కొట్లాడతాడు. కానీ తెలుగుకి ఉన్న ఒక్క పీరియడ్డూ ఆ హడావిడిలో జారిపోయింది. మేం పెద్దవాళ్ళం పట్టించుకోలేదు, ఇంట్లో మాట్లాడతాం కదా చాల్లే అనుకున్నాం. ఆ తప్పు సర్కారు మీదికి తోసేస్తే సులువే. ఏడాదికి రెండు నెలల సెలవులు మా చేతుల్లోనే ఉన్నాయి, వాటిని టీవీకి ఇచ్చేశాం.

పెట్టె తెరిచిన రోజు మా పాప, పన్నెండేళ్ళది, 1949 కార్డు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. "ఇది మన భాషేనా?" అనింది. అవ్వ గట్టిగా చదివితే ప్రతి మాటా దానికి అర్థమైంది, ఒక్క 'తదుపరి' తప్ప. అచ్చులో మాత్రం ఒక్క అక్షరం గుర్తుపట్టలేదు. ఆ రాత్రి తెలుగు పక్క అక్కరలేదన్న పార్టీ నోరు మెదపలేదు.

కార్డు చిత్తూరులో వేయిస్తున్నాం. మొదటి ప్రూఫులో మా ఊరు 'కన్యాంబడి' అయిపోయింది, దిద్ది పంపించాం. రెండో ప్రూఫు అవ్వ భూతద్దంతో చదివి, 'ఆగమనాభిలాషులు' కింద తన పేరు ముందు తాత పేరు లేదని పోట్లాడి వేయించుకుంది. మొత్తం ఆరువందల కార్డులు, తెలుగు పక్క ఉన్నవి నూటయాభై. అవి ఎవరెవరికో పట్టీ రాసుకున్నాం. చిత్తూరు, పలమనేరు, బంగారుపాళెం, తిరుపతి చుట్టాలకి పోగా, కనియంబాడి, గుడియాత్తం ఇళ్ళల్లో చదవగలిగినవాళ్ళు తొమ్మిదిమంది తేలారు. ఒకటి పసుపు గుడ్డలో పెట్టెకి. ఇంకోటి పాప అడిగింది. సంక్రాంతి సెలవుల్లో దాన్ని చూసి రాసుకుంటుందట, మొదట తన పేరులో ఉన్న అక్షరాలు, తర్వాత ఊరి పేరు.